వెనక వరుసలో ఊక

లస్మయ్య కొక్కెం దిగిన చోట గోనె చిరిగి, సదానందం చెప్పుల మీద ఊక కుప్పగా రాలుతుంటే పోయిన వారం కథ ఆపాం. అక్కడి నుంచే ఎత్తుకుందాం. కొత్తగా చదువుతున్నవారి కోసం నాలుగు మాటలు.

జనగామలో ధాన్యలక్ష్మి రైతు పొదుపు సంఘానికి ఆరేళ్లుగా సెక్రటరీ సదానందం. ఆరువందల నలభై మంది సభ్యులు దాచుకున్న ఐదు లక్షల పదివేల రూపాయల్లో మూడు లక్షల ఇరవై వేలు ఒక్కచోటికే అప్పుగా వెళ్లింది. సిద్దిపేట రోడ్డు మీదున్న వెంకట్రాం నూనె మిల్లు గోదాములోని మూడు వేల పల్లికాయ బస్తాలే ఆ అప్పుకు కుదువ. వెంకట్రాం సంఘం అధ్యక్షుడు జైపాల్‌రెడ్డికి స్వయానా బామ్మర్ది. జూన్ ముప్పయ్యో తారీఖుతో లెక్కల సంవత్సరం ముగుస్తుంది. ఆ లోగా బస్తాలన్నీ చూశానని, సరిగా ఉన్నాయని సదానందం సంతకం చేయాలి. ఇప్పటికి ఐదుసార్లు చేశాడు. ఐదుసార్లూ ఆఫీసు కుర్చీలోనే కూర్చుని చేశాడు. ఈసారి, ఎనభైనాలుగు జూన్ ఇరవై తొమ్మిదిన, గోదాము మెట్లెక్కాడంటే కారణం మిల్లు హమాలీ లస్మయ్య అన్న ఒక్క మాట.

"ఈ నడుమ ఒక్కపాలి రెండేసి బస్తాలు మోస్తున్నం సారూ. నడుం నొస్తనే లేదు."

*

"ఇంకోటి గుచ్చు," అన్నాడు సదానందం.

లస్మయ్య గుచ్చాడు. ఊక. పక్కది గుచ్చాడు. ఊక. ముందున్న రెండు వరుసల్లో పల్లికాయ ఉంది, వెలుతురు పడే చోట, తలుపు తీయగానే కనిపించేలా. మూడో వరుస నుంచి వెనక గోడ దాకా ఏ బస్తా చీల్చినా వడ్ల ఊకే. దుమ్ము లేచి ఇద్దరికీ దగ్గు తెరలు వచ్చాయి. 

గోదాముకు రెండు తాళాలుంటాయి. ఒకదాని చెవి మిల్లు దగ్గర, రెండోదాని చెవి సంఘం దగ్గర. ఇద్దరూ వస్తే తప్ప తలుపు తెరుచుకోకూడదని నిబంధన. రెండేళ్ల కిందట వెంకట్రాం నవ్వుతూ, "ఊకె నిన్ను పరేషాన్ జేసుడెందుకు సదానందం, చెవి నా దగ్గర్నే ఉండనియ్యి," అన్నాడు. జైపాల్ తలూపాడు. సదానందం ఇచ్చేశాడు. ఇవాళ వెంకట్రాం హైదరాబాదు వెళ్లాడని తెలుసుకుని, మిల్లు లెక్కలు రాసే మునీమును అడిగి మిల్లు తాళం తీయించుకుని, తన చెవి తనే అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

"లస్మయ్యా, నీ ఇంటిపేరేంది?"

"బొంత. బొంత లస్మయ్య. మాది లింగాల ఘనపూర్. ఎందుకు సారూ?"

సదానందం గోడకు ఆనుకున్నాడు. ఎవరికీ యాభై వేలకు మించి అప్పివ్వకూడదని సంఘం నియమావళిలో ఉంది. అందుకని మిల్లు అప్పును ఏడుగురి పేర్ల మీద విడదీశారు. ఆ ఏడు పేర్లూ మిల్లుకు సరుకు తోలే పెద్ద రైతులవని జైపాల్ చెప్పాడు. ఆ కాగితాలు సదానందం చేతుల మీదుగానే వెళ్లాయి. వాటిలో నాలుగోది అతనికి ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. బొంత లస్మయ్య, లింగాల ఘనపూర్, నలభై ఐదు వేల ఏడు వందలు. కింద వేలిముద్ర.

"నువ్వు ఏదన్న కాయితం మీద ఏలిముద్ర ఏసినవా?"

"ఏసిన. హమాలీ కార్డు ఇప్పిస్తా అన్నడు వెంకట్రాం పటేలు. మమ్ముల ఏడుగుర్ని కూసోబెట్టి ఏయించుకున్నడు. ఇంక కార్డు రాలే."

సదానందం చెప్పాడు. మెల్లగా, తగ్గించకుండా చెప్పాడు. లస్మయ్య మొదట నవ్వబోయాడు. సదానందం ముఖం చూసి ఆగిపోయాడు. చీల్చిన బస్తా మీదే కూలబడ్డాడు. అది బుస్సున కిందికి దిగిపోయింది.

"నా పేరు మీదనా?"

"నీ పేరు మీదనే."

"నలభై ఐదు వేలంటే ఎన్ని బస్తాలు మొయ్యాలె సారూ? బస్తాకు పదిహేను పైసలిస్తరు మాకు."

సదానందం మనసులో లెక్క కట్టాడు. మూడు లక్షల పైచిలుకు. 

 లస్మయ్య తలెత్తి, కోపం లేకుండానే అడిగాడు. "మరి ఆ కాయితం మీద నువ్వు గూడ సంతకం జేస్తివి గదా. నన్ను పిలిచి, ఏమయ్యా నీకు నిజంగ పైసలు ముట్టినయా అని ఒక్కపాలి అడగకపోతివా?"



*

చెవి మునీముకు తిరిగి అప్పగించి జైపాల్‌రెడ్డి ఇల్లు చేరేసరికి పన్నెండయింది. జైపాల్ అప్పుడే భోజనం ముగించి వసారాలో కూర్చున్నాడు. ఆయన భార్య సుశీల మజ్జిగ గ్లాసు తెచ్చి, "ఏంది తమ్మీ, ఒళ్లంత దుమ్ము?" అంది.  ఆమె ఇద్దరి ముఖాలూ చూసి లోపలికి వెళ్లిపోయింది.

"గోదాంకు పోయినవా?" అన్నాడు జైపాల్. ఆయన గొంతులో ఆశ్చర్యం లేదు. మునీము ముందే కబురు పంపి ఉంటాడు.

"అంత ఊకనే అన్నా."

జైపాల్ చేత్తో ముఖం తుడుచుకున్నాడు. ఆయన ఎడమచేతి చిటికెన వేలు వంకరగా ఉంటుంది. అరవైతొమ్మిదిలో ఇద్దరూ కలిసే తెలంగాణ ఉద్యమంలోకి వెళ్లారు. వరంగల్‌లో పదకొండు రోజులు ఒకే లాకప్పులో ఉన్నారు. సదానందం తల మీదికి దిగాల్సిన లాఠీకి జైపాల్ చెయ్యి అడ్డం పెట్టాడు. సెక్రటరీ అయినప్పటి నుంచీ సదానందం ఆ చేతిని చూసిన ప్రతిసారీ, ఆయన ముందు పెట్టిన కాగితం మీద చదవకుండా సంతకం చేస్తూ వచ్చాడు.

"నిరుడు రేటు కొండెక్కినప్పుడు కొన్నడు వెంకట్రాం," అన్నాడు జైపాల్. "నూనె రేటు పడ్డది. నష్టానికే అమ్మిండు. అమ్మిన పైసలు సంఘానికి కట్టాలె గదా? కట్టలే. పోయింది పత్తిల రాబట్టుకుంటనని మళ్ల పెట్టిండు. అదీ పోయింది. నాకు తెలిసేసరికి గోదాం సగం ఖాళీ. ఏం జేయాలె నేను? బామ్మర్దిని జైలుకు పంపాల్నా?"

"నాకు చెప్పాలె."

"చెప్తే ఏం జేస్తుంటివి?"

"కమిటీల పెడుతుంటి."

జైపాల్ నవ్వాడు. అలిసిపోయిన నవ్వు. "ఏ కమిటీ తమ్మీ? మీటింగు పెట్టినట్టు రాసి, బుక్కు ఇంటింటికి తిప్పి సంతకాలు తెచ్చింది నువ్వు గాదా? ఏడాదిల ఒక్కపాలన్న తొమ్మిది మందిమి ఒక్కచోట కూసున్నమా? తుల్సీరాం నాలుగేండ్ల నుంచి డైరెక్టరు. సంఘం ఎవరికి అప్పిచ్చిందో ఆయన్ని అడుగు, తెల్వదంటడు. నీకు మాత్రం తెలుసా? తెలుసుకుందామనుకున్నవా?"

ప్రతి మాటా నిజమే. 

జైపాల్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "జర నా మాట ఇను. రేపు సంతకం పెట్టు. కార్తీకానికి కొత్త కాయ వస్తది. నా పొలంల పండింది మొత్తం ఆ గోదాంల ఏస్త, ఎవ్వనికి తెల్వకుంట నిండుతది. గదే నువ్వు ఇయ్యాల ఒర్రి అందరికి చెప్తే ఏమయితది? రేప్పొద్దుగాల ఆరువందల మంది ఉరికొస్తరు. పెట్టెల ఉన్నదెంత? నలభై ఐదు వేలు. ముందొచ్చినోళ్లకు ముడుతయ్, ఎనకొచ్చినోళ్లకు మన్ను. నర్సింహులపేటల మీ పెంటమ్మక్క ఉన్నది. కాలువల భూమి పోతే వచ్చిన పైసలు, నువ్వు చెప్తెనే ఈడ ఏసింది. ఆమె బస్సెక్కి వచ్చేసరికి ఏం మిగులుతది?"

"కొత్త కాయ పండకపోతే?"

జైపాల్ మజ్జిగ గ్లాసు సదానందం వైపు జరిపాడు.

"వాన పడకపోతే అన్నా? రేటు మళ్ల పడితే? వెంకట్రాం మళ్ల అమ్ముకుంటే? నిరుడు గూడ గిట్లనే అనుకున్నరు గదా." సదానందం గ్లాసు ముట్టుకోలేదు. "లస్మయ్య పేరు మీద నలభై ఐదు వేలున్నయ్. బస్తాకు పదిహేను పైసల మనిషి. ఆయనకేం చెప్పాలె?"

"ఏ లస్మయ్య?"

"ఘనపూర్ లస్మయ్య. హమాలీ. ఆయనే గుచ్చి చూపెట్టిండు."

"ఆయనొక్కడేనా ఉన్నది నీతోని?"

"ఒక్కడే."

జైపాల్ తలూపాడు. లేచి వసారా చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి సదానందం భుజం మీద చెయ్యి వేశాడు. "సరే తమ్మీ. నువ్వన్నట్టే చేద్దాం. రేపు పదకొండు గంటలకు కమిటీ పిలుస్త. అందరి ముంగట పెడుదాం. అప్పటిదాక ఎవ్వలకు చెప్పకు, అంతే."

సదానందం కళ్లలో నీళ్లు తిరిగాయి. తను ఎరిగిన జైపాలన్న చివరికి మాట విన్నాడనుకున్నాడు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడన్న అనుమానం రాలేదు. ఆ మధ్యాహ్నమే లింగాల ఘనపూర్ బస్సెక్కి, మిగతా ఆరుగురిలో నలుగురిని వెతికి పట్టుకున్నాడు. నలుగురూ హమాలీలే. నలుగురూ అదే హమాలీ కార్డు సంగతి చెప్పారు. కమిటీ ముందు పెట్టడానికి వాళ్ల మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆఫీసు మూసే వేళకు జనగామ తిరిగి రాలేకపోయాడు.

*

మర్నాడు పొద్దున సదానందం భార్య నిర్మల పళ్లెంలో అన్నం పెట్టి, పక్కనే ఒక పాసుబుక్కు పెట్టింది. పెంటమ్మది. ఊళ్లో పోతుందేమోనని ఆమె వీళ్లింట్లోనే ఉంచింది. ఆరువేల ఎనిమిది వందలు.

"పదకొండింటికి మీరు చెప్తరు. పన్నెండింటికి ఊరంత తెలుస్తది," అంది నిర్మల. "పది గంటలకే అక్క పైసలు తీయుండ్రి."

"అది తప్పు నిర్మలా. తెలిసినోళ్లం ముందుగాల తీసుకుంటే తెల్వనోళ్లేం గావాలె?"

"తప్పు ఇయ్యాల గుర్తుకొచ్చిందా మీకు? ఐదు సంతకాలు పెట్టినప్పుడు రాలేదా?" ఆమె గొంతు పెంచలేదు. "ఆమె వద్దంటుంటే మీరే చెప్పిండ్రు. సంఘం మనది, నేనున్న అన్నరు. నేనే విన్న ఈ చెవులతోని. భూమి పోయింది, పైసలు గూడ పోతే ఆమె ఏం తిని బతకాలె?"

సదానందం అన్నం కెలికి వదిలేశాడు. పాసుబుక్కులో పెంటమ్మ వేలిముద్ర వేసి ఉంచిన ఖాళీ రసీదు ఉంది. అవసరమైనప్పుడు తమ్ముడే తీసి పంపుతాడని వేసి ఇచ్చింది. సదానందం కలం తీసి అందులో అంకె నింపాడు. నింపుతుంటే లస్మయ్య కాగితం గుర్తొచ్చి చెయ్యి ఆగింది. అయినా పూర్తిచేసి జేబులో పెట్టుకున్నాడు.

పది దాటాక ఆఫీసు తలుపు తోశాడు. క్యాషియర్ రాజీ ఇనప్పెట్టె ముందు నిలబడి ఉంది. ఇంటరు చదివి రెండేళ్ల కిందట చేరిన పిల్ల. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"సార్, నిన్న మీరెక్కడికి పోయిండ్రు?"

"ఏమైంది?"

ఆమె రసీదులు ముందు పెట్టింది. నిన్న మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపలివి. సుశీల పేరు మీద ఇరవై ఒక్క వేలు. తుల్సీరాం పేరు మీద పద్నాలుగు వేలు. మరో ఇద్దరు డైరెక్టర్లవి కలిపి తొమ్మిది వేలు చిల్లర.

"అధ్యక్షులే దగ్గర నిలబడి ఇప్పిచ్చిండ్రు సార్. సెక్రటరీ సంతకం కావాలె గదా అన్న. సదానందానికి చెప్పిన అన్నరు. నేనేం జేయాలె?" రాజీ ఏడ్చేసింది. "పెట్టెల పదమూడు వందల నలభై ఉన్నయ్."

సదానందం ఆ నాలుగు రసీదులనూ పక్కపక్కన పేర్చి చూశాడు. వీళ్లందరికీ ఊక సంగతి ఇన్నాళ్లూ తెలియకపోయినా, నిన్న ఒక్క గంటలో తెలిసింది. తెలిసిన వెంటనే అందరూ చేసిందొక్కటే. తన జేబులో ఉన్న ఐదో రసీదుకూ వీటికీ తేడా ఏమిటని అతను తనను తాను ప్రశ్నించుకున్నాడు. అక్క పేదది, నిజమే. బయట ఉన్నవాళ్లు కూడా పేదవాళ్లే.

రసీదు తీసి నాలుగు ముక్కలుగా చింపాడు.  

"రాజీ, ఈ పదమూడు వందలు ఎవ్వరికి ఇయ్యకు. నాకు గూడ. వరంగల్ల సహకార సంఘాల రిజిస్ట్రారు ఆఫీసుకు చిట్టీ రాస్త, పన్నెండు గంటల బస్సుకు నువ్వే పట్టుకపో."

రెండు వాక్యాలు రాశాడో లేదో, బయట అలికిడి మొదలైంది. బస్టాండు పక్కన చాయ్ హోటలు నడిపే కొమురెల్లి నిన్న నాలుగు గంటలకు డబ్బు కట్టడానికి వచ్చి, డైరెక్టర్లు కట్టలు కట్టలు సంచుల్లో వేసుకుపోవడం చూశాడు. రాత్రంతా ఆలోచించుకుని పొద్దున్నే నలుగురితో అన్నాడు. ఆ నలుగురూ నలభై మందితో అన్నారు. ఇప్పుడు మెట్ల నిండా, రోడ్డు మీద, పాసుబుక్కులు చేతుల్లో పట్టుకున్న జనం.

"సదానందం సారూ! లోపల కూసుంటే ఎట్ల? బయటికి రా!" కొమురెల్లి కేక వేశాడు. "మా పైసలున్నయా లేవా? గదొక్కటి చెప్పు!"

ఉన్నాయంటే ఇంకో అబద్ధం. లేవంటే ఈ మెట్ల మీదే తొక్కిసలాట. సదానందం నోటుపుస్తకం తీసుకుని బయటికి వచ్చాడు. ఎండ కళ్లల్లో పడింది. ముందు వరుసలో ఒక ముసలామె పాసుబుక్కును కొంగుతో పట్టుకుని ఉంది, చెమటకు తడవకుండా.

"ఆగుండ్రి. చెప్త. నేను చూసింది చూసినట్టే చెప్త," అన్నాడు. "నా తప్పు గూడ చెప్త. ముందుగాల అది..."

"పొగ! అగో, పొగ!"

ఎవరో వెనక నుంచి అరిచారు. తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. సిద్దిపేట రోడ్డు వైపు, ఇళ్ల కప్పుల మీదుగా, నల్లటి పొగ దట్టంగా లేస్తోంది. సైకిలు మీద ఒకడు రొప్పుతూ వచ్చి, "వెంకట్రాం గోదాం అంటుకున్నది!" అన్నాడు. జనంలో సగం అటు పరుగెత్తారు. మిగతా సగం ఎటు కదలాలో తెలియక నిలబడ్డారు.

ఆ గందరగోళంలోనే జైపాల్ జీపు దిగాడు. నేరుగా వచ్చి సదానందం చెయ్యి పట్టుకుని ఆఫీసు గది లోపలికి తీసుకెళ్లాడు. తలుపు దగ్గరికి వేశాడు. ఆయన చొక్కా ఇస్త్రీ నలగలేదు. మనిషి మాత్రం ఒక్క రాత్రిలో పదేళ్లు పైబడ్డట్టున్నాడు.

"మూడు వేల బస్తాలకు బీమా ఉన్నది," అన్నాడు గొంతు తగ్గించి. "నాలుగు లక్షల ఇరవై వేలకు. సంఘం పేరు మీదనే వస్తది. పల్లికాయ కాలినా ఊక కాలినా బూడిద బూడిదనే. నిన్నటి తారీఖు ఏసి, బస్తాలు సరిగ్గున్నయని ఒక్క సంతకం పెట్టు తమ్మీ. అందరి పైసలు ఒచ్చేస్తయ్. మేం తీసుకున్నయి గూడ తిరిగి కడుతం. హమాలీల అప్పు మాఫీ. పెంటమ్మక్కకు ఒక్క పైస పోదు."

జేబులోంచి మడిచిన కాగితం తీసి టేబులు మీద పరిచాడు. కలం మూత తీసి పక్కన పెట్టాడు.

సదానందం ఆ కాగితం వైపు చూశాడు. బయట ముసలామె గొంతు వినిపిస్తోంది, మా పైసలు బిడ్డా, మా పైసలు అంటూ. ఒక్క సంతకం. ఇప్పటికి ఐదు పెట్టాడు. ఇది ఆరోది. ఈ ఒక్కదానితో ఆరువందల నలభై ఇళ్లు నిలబడతాయి.

"నేను చూసిన అన్నా," అన్నాడు. 

"నువ్వు చూసినవు. నాకు తెలుసు. నీకు నాకు తప్ప ఇంక చూసినోళ్లెవరూ లేరు."

తలుపు ధడాలున తెరుచుకుంది. ఒక ఆడమనిషి, వట్టి కాళ్లతో, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా గడప మీద నిలబడింది. పరుగెత్తి వచ్చినందుకు మాట రావడంలేదు. రాజీ ఆమె వెనకే వచ్చి, "సార్, ఈమె ఓదెమ్మ అట. హమాలీ లస్మయ్య పెండ్లాం," అంది.

"సారూ," అంది ఓదెమ్మ. "ఏలిముద్ర సంగతేందో అడిగొస్తనని మా ఆయన పొద్దుగాలనే గోదాంకు పోయిండు. లోపటికి పిలిచిండ్రంట. ఇంక బయటికి రాలేదంటున్నరు. తలుపుకు రెండు తాళాలు ఏసున్నయంట. నీ తాన ఇంకో తాళంచెవి ఉంటదట గదా సారూ, ఏది?"